పుస్తకం మీద కోపం ఎవరిని కాలుస్తుంది?



మన పుట్టుకనే నేరం చేసిన రాతలు ఉన్నాయి. అవి చదువుతుంటే ఒళ్లు మండుతుంది. పేజీలు చించేయాలనిపిస్తుంది, రాసినవాణ్ణి నాలుగు తిట్టాలనిపిస్తుంది. సరే, తిట్టాం. ఆ పుస్తకంలో ఒక్క అక్షరమైనా మారిందా? రాసినవాడు పోయి ఎన్ని వందల ఏళ్లయిందో! చెడింది మన నిద్రే. పైగా అందులో ఏముందో పూర్తిగా తెలుసుకోకుండానే మూసేశాం. రేపు మన పిల్లలు అడిగితే ఏం చెబుతాం?

దీఘ నికాయంలో మొట్టమొదటిది బ్రహ్మజాల సుత్తం. రాజగృహం నుంచి నలందా వెళ్లే దారిలో సుప్పియుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని నిందిస్తూ నడిచాడు. భిక్షువులు దాని గురించి మాట్లాడుకుంటుంటే బుద్ధుడు వచ్చి ఏమన్నాడు? ఎవరైనా నన్ను నిందిస్తే కోపం తెచ్చుకోకండి, కోపంలో ఉంటే వాళ్లు చెప్పింది నిజమో కాదో తేల్చుకోగలరా అని అడిగాడు. తేల్చుకోలేం అన్నారు భిక్షువులు. అబద్ధమైతే, ఇది ఫలానా కారణంగా అబద్ధం అని విడమరచి చెప్పండి అన్నాడు. చూశారా, నోరు మూసుకోమనలేదు. జవాబు చెప్పమన్నాడు. ఆ జవాబుకు కోపమే అడ్డం.

మరి బాబాసాహెబ్ మనుస్మృతిని తగలబెట్టలేదా అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. 1927 మార్చిలో మహాద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగినందుకు మనవాళ్లను కొట్టారు. అదే మహాద్‌లో డిసెంబర్ 25న, వేలమంది సభలో తీర్మానం పెట్టి, గుంట తవ్వి, అందులో మనుస్మృతిని కాల్చారు. తీర్మానం పెట్టిన సహస్రబుద్ధే పుట్టుకతో బ్రాహ్మణుడే. ఈ చట్టం మాకు చెల్లదని లోకం ఎదుట చేసిన ప్రకటన అది. ఒంటరిగా కూర్చుని పళ్లు కొరకడానికీ దానికీ పోలికే లేదు.

ఆ మంటతో పని అయిపోయిందని ఆయన అనుకోలేదు. బడిలో సంస్కృతం చదవనివ్వకపోతే పర్షియన్ తీసుకున్న ఆయన, తర్వాత సొంతంగా సంస్కృతం నేర్చుకున్నారు. కాల్చాక కూడా ఆ గ్రంథాలు చదవడం మానలేదు. వాటినే ముందు పెట్టుకుని 1946లో ‘శూద్రులెవరు?’, 1948లో ‘అంటరానివారు’ రాశారు. చివరికి రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. మనువుకు అసలు జవాబు అదీ!

తిరగేసి చూడండి. 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం బాబాసాహెబ్ ‘రిడిల్స్ ఇన్ హిందూయిజం’ను అచ్చువేస్తే, రాముడు, కృష్ణుడి భాగం తీసేయాలని కొందరు పెద్ద గొడవ చేశారు. ఆ కోపం ఆయన వేసిన ఒక్క ప్రశ్ననైనా మాయం చేసిందా? ఈనాటికీ చదువుతూనే ఉన్నాం.

కాబట్టి నచ్చని పుస్తకాన్ని విసిరేయకండి. పెన్సిల్ పట్టుకుని చదవండి. ఏ మాట అబద్ధమో, ఎందుకు అబద్ధమో పక్కనే రాయండి. విహారంలో నలుగురూ కూర్చున్నప్పుడు మాట్లాడండి.

ఇంకొక్క మాట. డిసెంబర్ 25న మనుస్మృతిని కాల్చి, 26న ఆడపిల్ల చదువు మాన్పిస్తే ఏం లాభం? పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి మాల, మాదిగ అని లెక్కలు తీస్తే ఏం లాభం? ఆ పుస్తకం మన ఇంట్లోనే మళ్లీ అచ్చవుతున్నట్టు. ముందు ఆ ప్రతిని వెతకండి.

నమో బుద్ధాయ!