ఆసనమిచ్చి మాటను దాచుకొనవచ్చునా?

అధికారమునకు రెండంగములు కలవు. ఒకటి ఆసనము, రెండవది మాట. ఆసనమును చట్టము ఈయగలదు. మాట మాత్రము చుట్టునున్నవారు మన్నించిననే చెల్లును. మాట చెల్లని ఆసనము అధికారమగునా, అలంకారమగునా? గిరిజన స్త్రీలు రాజకీయ నాయకత్వమునకు రావలెనని కోరువారు ముందుగా తేల్చుకొనవలసిన ధర్మప్రశ్న ఇదియే.

మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు చుట్టుపట్ల పల్లెల నడుమ లంబాడీ తండాలు పెక్కు కలవు. తెలంగాణ ప్రాంతపు లంబాడీలు 1976 నాటి సవరణ చట్టముచే షెడ్యూల్డు తెగల జాబితాలో చేరిరి. అయినను కామారెడ్డి జిల్లా షెడ్యూల్డు ప్రాంతము కాదు. కనుక గిరిజన గ్రామసభలకు విశేషాధికారములిచ్చిన 1996 నాటి చట్టము ఇచ్చట వర్తింపదు. ఇచ్చటి తండా స్త్రీకి ఆధారములు రెండు. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ జనాభాను బట్టి షెడ్యూల్డు తెగలకు పంచాయతి స్థానములను కేటాయించి, అందు మూడవ వంతునకు తగ్గకుండ స్త్రీలకు ఉంచినది. 2018 నాటి తెలంగాణ పంచాయతిరాజ్ చట్టమున స్త్రీల భాగము సగము. అదే చట్టము అయిదువందల జనాభా గల తండాలను ప్రత్యేక పంచాయతులుగ చేసినది. 2019 జనవరి ఎన్నికలలో అట్టి తండాలకు తొలిసారి తమ సర్పంచులు లభించిరి. నాయకుడు, కారుబారి అను పెద్దరికములు తరతరములుగ పురుషులవే యైన తండాలో ఒక స్త్రీ అధ్యక్షస్థానమున కూర్చుండుట స్వల్పవిషయము కాదు.

అయినను ఆ స్థానమున కూర్చున్నది ఆమె, పలికినది మఱియొకరు అగుట దేశమంతట కనబడుచున్నది. సర్పంచి భర్త అను బిరుదు చట్టమున ఎచ్చటను లేదు. ఊరూర మాత్రము కలదు. ఈ దురాచారమును పరిశీలించుటకు 2023లో కేంద్ర పంచాయతిరాజ్ శాఖ ఒక సంఘమును నియమింపవలసి వచ్చినది. తండా స్త్రీ విషయమున ఈ చిక్కు ఇబ్బడి యగును. ఇంట భర్త ఆమెకు బదులు పలుకును. ఇంటివెలుపల, ఎన్నికకు సొమ్ము సర్దిన ఆసామి ఆ భర్తకు బదులు పలుకును. తీర్మానపు పుస్తకముపై ఆమె సంతకము మాత్రము మిగులును.

భర్త తోడ్పడుట దోషమా యని కొందఱు అడుగుదురు. తోడ్పాటు దోషము కాదు, స్థానాపహరణము దోషము. ఈ రెంటిని వేఱుచేయుటకు ఒక్క పరీక్ష చాలును. ఆమె కాదన్నచో ఆ పని ఆగునా? ఔనన్న మాట ఎవరి నోటనుండి వచ్చినను ఒక్కటిగనే వినబడును. కాదన్న మాటయందే అధికారము తెలియును. ఆమె నిరాకరణముతో పని ఆగినచో ఆమె నాయకురాలు. ఆగనిచో, సహాయము పేర జరిగినది అపహరణమే.

ఈ సత్యము శరణుల బాటలో క్రొత్తది కాదు. మంజీర బీదరు సీమను దాటియే నిజాంసాగరునకు వచ్చును. ఆ సీమలోనిదే కల్యాణము. అచ్చట 12వ శతాబ్దమున ఆయ్దక్కి మారయ్య వీథులలో రాలిన బియ్యమును ఏరి తెచ్చి కాయకము సాగించెను. ఒకనాడు నిత్యపరిమాణమునకు మించి తేగా, ఇది మనకు తగదు, తిరిగి పోసి రమ్మని ఆయన భార్య లక్కమ్మ పలికెనని శరణుల కథ. ఏరుకొని తిను కుటుంబపు స్త్రీ కాదనెను. ఆ మాట చెల్లెను. ఆమె వచనములు నేటికిని ఆమె పేరనే నిలిచియున్నవి.

చదువు లేనివారికి పాలనమెట్లు తెలియునని మఱియొక ఆక్షేపణ. పాలనము పాలించుటవలననే అలవడును. సంతాలు కుటుంబమున పుట్టిన ద్రౌపది ముర్ము 1997లో ఒడిశాలోని రాయరంగపురమున పురపాలక సభ్యురాలిగ ఆరంభించి 2022 జులై 25న రాష్ట్రపతియైరి. కోయ వనిత దనసరి అనసూయ, అనగా సీతక్క, 2023 డిసెంబరు 7న తెలంగాణ మంత్రిగ ప్రమాణము చేసి పంచాయతిరాజ్ శాఖనే చేపట్టిరి. తొలిమెట్టుపై నిలువనిచ్చినప్పుడే పైమెట్లు అందినవి. పంచాయతి సొమ్ము తీయుటకు సర్పంచితోపాటు ఉపసర్పంచి సంతకమును ఆవశ్యకమని 2018 చట్టపు ఏర్పాటు. ఆ రెండవ సంతకము చేయువాడు ఆమెకు తోడగునో, అడ్డగునో అతని శీలముపై ఆధారపడియున్నది.

కావున భూమియు, వ్యాపారమును, పలుకుబడియు గల కుటుంబముల బాధ్యత మిక్కిలి పెద్దది. సంతకమునకు ముందు కాగితమును ఆమెకు తెలియు భాషలో చదివి వినిపింపవలెను. సభకు ముందే అరుగులపై నిర్ణయములు ముగింపరాదు. ఆమెను ఇంటికి పిలిపించుకొనక పంచాయతి కార్యాలయమునకే పోయి అడుగవలెను. ఎన్నికలో చేసిన సాయమును అప్పుగ లెక్కింపరాదు. మఠములు అక్షరమును, జమాఖర్చులను, చట్టమును నేర్పు తరగతులు నడుపవచ్చును. కేటాయింపు మాఱి మఱొక వర్గమునకు పోయినప్పుడు, సమర్థురాలైనచో ఆమెను సామాన్యస్థానమున నిలిపి గెలిపింపవలెను.

వీనియన్నిటికంటె కష్టమైనది మఱియొకటి కలదు. పొలమునకు బాట వేయుమని పెద్దరైతు కోరును. ముందు తండాకు మంచినీటి గొట్టము, తరువాతనే బాట యని ఆమె నిర్ణయించును. ఆ మాటను అతడు మన్నించునా? ఇతరుల పని ఆగునప్పుడు న్యాయమును మెచ్చుట సులభము. తన పని ఆగినప్పుడు మెచ్చుటయే పరీక్ష.

దానమున, ఇచ్చితినను భావము దాతయందు మిగులును. దాసోహమున ఆ భావమే అర్పితమగును. గిరిజన స్త్రీకి నాయకత్వమును దానముగ ఇచ్చువాడు ఏదో యొకనాడు దానిని తిరిగి అడుగును. దాసోహముగ తోడ్పడువాడు ఆమె కాదన్న దినమునను ఆమె యెదుట చేతులు కట్టుకొని నిలువగలడు.