గుర్రాలకు నీళ్లు పెట్టిన సారథి

జై దుర్గా భవానీ!

మన ఇంద్రకీలాద్రికి, అర్జునుడికి ఉన్న బంధం బెజవాడ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ కొండ మీదే ఆయన తపస్సు చేసి శివుడి దగ్గర పాశుపతాస్త్రం పొందాడని స్థలపురాణం. విజయుడి పేరు మీదే మన ఊరు విజయవాడ అయిందని పెద్దలు చెబుతారు. అదే అర్జునుడు యుద్ధం మధ్యలో రథం ఆపించిన కథ ఒకటి ద్రోణపర్వంలో ఉంది. టీమ్ లీడ్‌లు, మేనేజర్లు, రేపు కాబోయేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన కథ.

కురుక్షేత్రంలో పద్నాలుగో రోజు. ముందురోజే అభిమన్యుడు పోయాడు. సూర్యుడు అస్తమించేలోపు సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. మన భాషలో డెడ్‌లైన్. తప్పితే పోయేది అప్రైజల్ కాదు, ప్రాణం. పొద్దు వాలుతోంది, సైంధవుడు ఇంకా దూరంగానే ఉన్నాడు.

అలాంటి టైమ్‌లో అర్జునుడి కళ్లు గుర్రాల మీద పడ్డాయి. ఒళ్లంతా బాణాలు దిగి, అలసిపోయి ఉన్నాయి. వాటిని విప్పి సేదదీర్చమని కృష్ణుడితో చెప్పి, తను రథం దిగి నేల మీద నిలబడి ఒక్కడే సైన్యాన్ని ఆపాడు. ఇక్కడ నీళ్లు లేవు, వీటికి కావాల్సింది స్నానం కాదు, తాగడానికి నీళ్లు అన్నాడు కృష్ణుడు. అర్జునుడు అస్త్రంతో నేల చీల్చి చెరువు పుట్టించాడు. బాణాలతోనే నీడ కట్టాడు. అప్పుడు ఆ జగన్నాథుడు తన చేతులతో బాణాలు పీకి, గుర్రాల ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించి, మేత పెట్టి మళ్లీ రథానికి కట్టాడు. రథం మునుపటి వేగంతో దూసుకెళ్లింది. ఆ సాయంత్రం ప్రతిజ్ఞ నెరవేరింది.

ఈ కథ నాకు ఎందుకు గుచ్చుకుంటుందో చెప్తాను. నేను కొత్తగా టీమ్ లీడ్ అయినప్పుడు ఒక రిలీజ్ రాత్రి, మా జూనియర్ ఒకతను “అన్నా, నావల్ల కావట్లేదు” అన్నాడు. నేను స్క్రీన్ మీంచి తల కూడా తిప్పలేదు. “ఈ ఒక్క రాత్రే కదరా” అన్నాను. అలాంటి రాత్రులు అప్పటికే చాలా అయ్యాయి. రిలీజ్ అయింది, నాకు మెచ్చుకోళ్లు వచ్చాయి. తర్వాత కొద్దిరోజులకే అతను రాజీనామా పెట్టాడు. ఆ రోజుల్లో వాళ్ల నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారని అప్పుడు తెలిసింది. సారీ చెప్తే “పర్లేదన్నా” అన్నాడు. తిట్టినా బాగుండేది.

నా పేరు మీద డెడ్‌లైన్ ఉంది కాబట్టి గుర్రాలు నాకు కనపడలేదు. అర్జునుడికి ప్రాణం మీదకొచ్చినా కనపడ్డాయి. తేడా అక్కడుంది.

ఈ కథలోంచి నేను మూడు పనులు పట్టుకున్నాను.

మొదటిది, చూడటం. వారానికోసారి ఒక్కొక్కరితో పావుగంట కూర్చుంటాను. మొదటి ప్రశ్న “టాస్క్ ఎంతవరకు వచ్చింది” కాదు, “నువ్వెలా ఉన్నావు” అని.

రెండోది, అడ్డం నిలబడటం. క్లయింట్ కోపం నా దగ్గరే ఆగాలి. తేదీ మార్చమని అడిగే ఆ ఇబ్బందికరమైన కాల్ నేనే మాట్లాడాలి. జూనియర్‌ని ముందుకు తోసి వెనక నిలబడితే అది నాయకత్వం కాదు.

మూడోది, కావాల్సిందే ఇవ్వటం. దాహంతో ఉన్నవాడికి స్నానం చేయిస్తే ఏం లాభం? రెండు రోజుల సెలవు కావాల్సినవాడికి మనం పిజ్జా పార్టీ ఇస్తుంటాం. ఏం కావాలో ముందు అడగాలి.

మరి పని చేయనివాడిని ఏం చేయాలి అంటారా? నిలదీయాల్సిందే. కానీ ముందు ఒంట్లో బాణం ఉందేమో చూసి, తర్వాత.

ఈసారి దుర్గమ్మ దర్శనం చేసుకుని కొండ దిగాక ప్రకాశం బ్యారేజీ మీద కాసేపు నిలబడండి. అక్కడ కృష్ణమ్మ నిండుగా ఉంటే చూడటానికి బాగుంటుంది. కానీ డెల్టా రైతుని అడిగితే, కాలువ చివర శివారు పొలానికి నీళ్లు అందాయా లేదా అనే చూస్తాడు. మన నాయకత్వం కూడా అంతే. పైవాళ్ల ముందు ఎంత నిండుగా కనిపించామన్నది లెక్కలోకి రాదు. టీమ్‌లో అందరికంటే చిన్నవాడి దాకా నీళ్లు అందాయా?

సోమవారం ఆఫీసుకి వెళ్లగానే ఒక్కసారి వెనక్కి తిరిగి మీ గుర్రాలను చూడండి.

అమ్మ అందరినీ చల్లగా చూడాలి. జై భవానీ!