దెబ్బ దిగే చోటు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ ఉండేవాడు. లారీ బాడీలు కట్టే వీధిలో ఆయనది చిన్న షెడ్డు. ఒక ఏడాది ఉగాది వెళ్ళాక, నూజివీడు వైపు నుంచి ఇద్దరు తోడల్లుళ్ళు రెండు పాత టాటా 207 పికప్పులు వేసుకుని ఆయన దగ్గరికి వచ్చారు. ఇద్దరిదీ మామిడికాయల వ్యాపారమే. రెండు బండ్లకీ వెనక బంపర్లు తుప్పు తిని ఊడిపోయాయి. కాయల సీజన్లో నున్న మామిడి మార్కెట్ రద్దీ తెలిసిందే. వెనక ఏ అడ్డూ లేకుండా ఆ తోపులాటలో బండి పెడితే డోరు మిగలదు.

"ఆరంగుళాల చానల్ పెట్టి ఛాసిస్‌కి వెల్డింగ్ కొట్టెయ్ మేస్త్రీ. ఎవడొచ్చి గుద్దినా వాడే పోవాలి," అన్నాడు పెద్దల్లుడు.

"ఆ చానల్ మీటరుకి 16 కిలోల పైమాటే షావుకారుగారూ. మీ బండి వెడల్పుకి పాతిక దాటుద్ది. బరువు సంగతి అటుంచండి, దెబ్బ తగిల్తే అది వంగదు."

"వంగకూడదనేగా పెట్టించేది!"

"ఛాసిస్ మీద నేను వెల్డింగ్ పెట్టనండీ," అన్నాడు మేస్త్రీ. పెద్దల్లుడు రెండో మాట మాట్లాడకుండా పక్క షెడ్డుకి వెళ్ళాడు. సాయంత్రానికల్లా బంపర్ తయారు. నల్ల పెయింటు, ఎర్ర స్టిక్కరు, కోసినట్టున్న మూలలు, తాడు కట్టుకోడానికి దాని మీదే రెండు కొక్కేలు. చూట్టానికి బ్రహ్మాండంగా ఉంది.

చిన్నల్లుడు మాత్రం, "నాకేం తెలీదు మేస్త్రీ, నీకు తోచినట్టు చెయ్," అని బండి వదిలేసి బస్సెక్కాడు.

మేస్త్రీ ముందుగా చేసిన పని, శిష్యుడి చేత వెనక తొట్టిలోకి ఇసుక బస్తాలు ఎత్తించడం. ఖాళీ బండి ఎత్తు అబద్ధం చెబుతుంది. కాయలు నిండితే కమాను కట్టలు అణిగి వెనకభాగం కిందికి దిగుతుంది. బస్తాలుండగా ఒకసారి, దింపాక ఒకసారి నేల నుంచి ఎత్తు కొలిచాడు. వీధిలో ఆగి ఉన్న కార్ల దగ్గరికి టేపు పట్టుకెళ్ళి వాటి ముందు బంపర్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసొచ్చి గోడ మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. ఆ గీతలకి ఎదురుగా వచ్చేలా తన బంపర్ ఎక్కడుండాలో తేల్చుకున్నాడు. ఇంకా ఇనుము ముట్టుకోలేదు.

తరవాత ఫ్రిజ్ అట్టపెట్టె కోసి అట్టతోనే బంపర్ చేసి బండికి పెట్టి చూశాడు. అట్ట కుదిరాక 3 ఎం.ఎం. రేకుని బెండింగ్ మిషన్ మీద పెట్టెలా మడిపించాడు. పక్కనుంచి పోయే మోటార్‌సైకిలు వాడి కాలికి తగలకుండా రెండు చివర్లూ లోపలికి గుండ్రంగా తిప్పాడు. అడుగున నీళ్ళు పోవడానికి బెజ్జాలు, లోపలంతా రెడాక్సైడ్. పెట్టెలా ఉన్న ఇనుముకి తుప్పు లోపలినుంచే పడుతుంది మరి. పాత బంపర్ బోల్టులకి కంపెనీవాళ్ళు వేసిన బెజ్జాలు తీగ బ్రష్షుతో గీకి శుభ్రం చేశాడు. ఛాసిస్‌కి కొత్త బెజ్జం ఒక్కటి కూడా పొడవలేదు.

ఛాసిస్‌కీ బంపర్‌కీ మధ్య రెండు బ్రాకెట్లు. వాటికి రెండు వైపులా రంపంతో గాట్లు పెడుతుంటే శిష్యుడికి మతి పోయింది.

"గాట్లు పెడితే బలం పోదూ?"

"పోవాలనే."

తాడు కట్టే కొక్కెం మాత్రం బంపర్ మీద పెట్టలేదు. దానికి విడిగా మందపాటి ప్లేటు చేసి, 10.9 రకం హైటెన్సైల్ బోల్టులతో నేరుగా ఛాసిస్‌కి బిగించాడు.

చిన్నల్లుడు బండి తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు పెద్దల్లుడు ఆ బంపర్ మీద వేలితో కొట్టి చూసి, "నూనె డబ్బా కట్టించావేంటి తమ్ముడూ," అని నవ్వాడు.

మే నెలలో ఒక తెల్లవారుజామున, మార్కెట్లో పక్కపక్కనే పెట్టిన ఆ రెండు బండ్లనీ రివర్స్‌లో వస్తున్న ఒక లారీ ఒకే ఊపున నెట్టింది. చిన్నల్లుడి బంపర్ మధ్యకి కుంగింది, బ్రాకెట్లు గాట్ల దగ్గర మడతపడ్డాయి. పెద్దల్లుడి బంపర్‌కి పెయింటు కూడా లేవలేదు. అక్కడున్నవాళ్ళందరికీ ఆయన టీలు పోయించాడు.

వారం తిరక్కముందే ఆయన బండి వెనక డోరు కొక్కెం పడటం మానేసింది. సుత్తితో కొట్టి వేసుకున్నాడు కొన్నాళ్ళు. తరవాత లోడు మీద కిర్రుకిర్రుమని చప్పుడు. చివరికి మేస్త్రీ షెడ్డుకే వచ్చాడు.

మేస్త్రీ ఛాసిస్‌కి అడ్డంగా మూల నుంచి మూలకి దారం పట్టి చూశాడు. రెండు కొలతలూ ఒకటి కాలేదు. వెల్డింగ్ పక్కన మట్టి గీకి కిరసనాయిలు పూశాడు. కాసేపాగి గుడ్డతో ఆరదుడిచి సుద్దపొడి అద్దాడు. తెల్లటి పొడి మీద వెంట్రుకవాసి గీత ఒకటి తడిగా పైకి తేలింది. వెల్డింగ్ అంచు దగ్గర మొదలై కమాను కట్ట బ్రాకెట్ దాకా పోయింది.

"దెబ్బ తగిలింది బంపర్‌కి కదా మేస్త్రీ, పగులు ఇక్కడెందుకొచ్చింది?"

"అది ఎక్కడో ఒకచోట దిగాలి కదండీ. మీ బంపర్ దాన్ని దిగనివ్వకుండా ముందుకి పంపింది."

ఛాసిస్ సరిచేయించేసరికి సీజన్ సగం పోయింది. చిన్నల్లుడికి అయిన ఖర్చు రెండు బ్రాకెట్లు, కాస్త డెంటింగ్. కొత్త బంపర్ చేయించుకుంటూ పెద్దల్లుడు అడిగాడు: "గాట్లు పెట్టిన ఆ బ్రాకెట్లు ఇంకో జత చేసిపెట్టు. ఇంట్లో ఉంచుకుంటా."

నీతి

వంగేవాడే బతుకుతాడని ఈ కథకు నీతి చెబితే మేస్త్రీ ఒప్పుకోడు. ఆయన బిగించిన కొక్కెం వంగే రకం కాదు. ఆయన లెక్క వేరు. దెబ్బ ఎలాగూ వస్తుంది, వచ్చినప్పుడు దేని మీద దిగాలో వస్తువు చేసేనాడే తేల్చుకోవాలి. పెద్దల్లుడు ఆ ప్రశ్న వేసుకోలేదు. దాంతో దెబ్బే తన చోటు వెతుక్కుంది.

కార్లు చేసేవాళ్ళకి కూడా ఇది ఆలస్యంగానే పట్టుబడింది. కారు ఎంత బిగువుగా ఉంటే అంత క్షేమమనుకునే రోజుల్లో, మెర్సిడెస్ బెంజ్‌లో పనిచేసిన బేలా బారేన్యీ అనే ఇంజనీరు, ముందూ వెనకా నలగాలి, మనుషులు కూర్చునే గది నలగకూడదు అన్నాడు. ఆ పద్ధతిలో కట్టిన కార్లు 1959లో రోడ్డెక్కాయి. ఎత్తు సంగతీ అంతే. 1967లో హాలీవుడ్ నటి జేన్ మాన్స్‌ఫీల్డ్ ఉన్న కారు లారీ ట్రెయిలర్ కిందికి దూరిపోయి ఆమె చనిపోయింది. అలా దూరినప్పుడు కారు బంపర్ ఎంత గట్టిదైనా ఒకటే, దెబ్బ అద్దం ఎత్తున దిగుతుంది. ట్రెయిలర్ల వెనక కిందికి వేలాడే అడ్డుకమ్మిని అమెరికాలో ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. మేస్త్రీ ఇసుక బస్తాలు ఎత్తించింది ఇందుకే.

ఎవడు గుద్దినా వాడే పోవాలి అన్న మాట మాత్రం నాకు కథలోని పగులు కన్నా ఎక్కువ భయం పుట్టిస్తుంది. గుద్దేవాడు లారీవాడే కానక్కర్లేదు, స్కూటీ మీద ట్యూషన్‌కి పోయే పిల్ల కావచ్చు. బండ్లకి తగిలించే బుల్‌బార్లు నడిచేవాళ్ళకీ బండిలో ఉన్నవాళ్ళకీ కూడా ప్రమాదమని, వాటిని తీయించమని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకి రాసింది. అయినా అవి అమ్మే కొట్లకి గిరాకీ తగ్గినట్టు కనపడదు.

తోడల్లుళ్ళ సంగతి ఇంకొంచెం ఉంది. ఈదురుగాలికి పిందె రాలిపోయిన ఏడాది, చిన్నల్లుడు ఇలాంటి రోజు కోసమే కట్టుకుంటున్న చీటీ పాడి, ఆ డబ్బుతో తోట కౌలు తీర్చేశాడు. పెద్దల్లుడు నలుగురిలో తగ్గకూడదని అదే ఏడాది కూతురి ఓణీల ఫంక్షన్ ఊరంతటికీ భోజనాలు పెట్టి చేశాడు. దానికోసం సొంత తోట కాగితాలు బ్యాంకులో పెట్టాడు. వడ్డీ ఇంకా కడుతున్నాడు.