మన కోసం గీసిన మైదానం

మా హైస్కూల్లో గేమ్స్ పీరియడ్ అంటే అబ్బాయిలకు వాలీబాల్, అమ్మాయిలకు త్రోబాల్. మధ్యలో నెట్టు ఒకలాంటిదే. బంతీ దూరం నుంచి చూస్తే ఒకలాంటిదే. వాళ్ళు ఎగిరి కొట్టాలి, మేం పట్టుకుని విసరాలి. ఎందుకలా అని మేం ఎవరం అడగలేదు. జడలు రెండూ పైకి కట్టి, ఓణీ చెంగు నడుముకి దోపుకుని ఆడేవాళ్ళం. కొట్టడం వాళ్ళ పని, పట్టుకోవడం మన పని అన్న విభజన ఎండానీడా అంత సహజంగా ఉండేది.

ఈ విభజన వెనక ఉన్నదేమిటో అర్థమై కోపం రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. కానీ ఆ కోపంతో పాటే ఒక ఇబ్బంది కూడా వచ్చింది. నాకు త్రోబాల్ అంటే ప్రాణం. కోర్టు చివరి మూలకు బంతి విసిరి, అవతలి పిల్ల చేతివేళ్ళకి అందకుండా అది నేల తాకిన క్షణం నా ఒంట్లో కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. తక్కువ చేసి ఇచ్చిన ఆటలో నేను పొందిన సంతోషం కూడా తక్కువదేనా? అసలు అది నాదేనా, లేక నాకు అలవాటు చేసిందా?

ఈ ప్రశ్నని నా ఒక్క బడి మైదానంలో కాక కాస్త పెద్ద చోట పెట్టి చూడాలనిపించినప్పుడు నాకు దొరికింది సాఫ్ట్‌బాల్ కథ.

సాఫ్ట్‌బాల్ ఆడవాళ్ళ కోసం పుట్టిన ఆట కాదు. 1887లో షికాగోలోని ఒక బోట్ క్లబ్బులో, చలికాలం బయటికి వెళ్ళలేని మగవాళ్ళు బాక్సింగ్ గ్లవ్‌ని చుట్టగా కట్టి బంతి చేసి, చీపురు కర్రతో కొట్టి మొదలుపెట్టారు. బేస్‌బాల్‌కి అది ఇంటిలోపలి రూపం. (ఇంటిలోపలిది కాబట్టి చివరికి ఎవరి వాటాకి వచ్చిందో చెప్పక్కర్లేదనుకుంటాను.) పేరు చూసి మోసపోకూడదు, ఆ బంతి మెత్తగా ఉండదు. చుట్టుకొలత 12 అంగుళాలు, బేస్‌బాల్ బంతిది 9. బంతి పెద్దది, మైదానం చిన్నది. విసిరే పిచర్‌కీ బ్యాటు పట్టుకున్న మనిషికీ మధ్య 43 అడుగులే. మన క్రికెట్ పిచ్ 66 అడుగులు. చెయ్యి కింది నుంచి గుండ్రంగా తిప్పి విసిరే ఆ బంతి పెద్ద పోటీల్లో గంటకు 110 కిలోమీటర్లు దాటి వస్తుంది. చూసి, తేల్చుకుని, బ్యాటు ఊపడానికి అర సెకను కూడా ఉండదు. 1961లో కనెటికట్ రాష్ట్రంలో జరిగిన ఒక ప్రదర్శన ఆటలో టెడ్ విలియమ్స్ అనే మహా బేస్‌బాల్ ఆటగాడు జోన్ జాయిస్ అనే యువతి బంతుల ముందు నిలబడి, ఏమీ చెయ్యలేక బ్యాటు పక్కన పెట్టేశాడు. "చిన్న మైదానం" అన్న మాటకి అర్థం మగవాళ్ళకి ఇలాంటప్పుడే తెలుస్తుంది.

దేశాల మధ్య స్త్రీల సాఫ్ట్‌బాల్ ప్రపంచ పోటీలు మొదటిసారి 1965లో మెల్‌బోర్న్‌లో జరిగాయి. వచ్చినవి 5 జట్లు: ఆస్ట్రేలియా, అమెరికా, జపాన్, న్యూజిలాండ్, పాపువా న్యూగినీ. అమెరికా పంపింది బ్రేకులు తయారుచేసే ఒక కంపెనీ పేరు మీద ఆడే క్లబ్బు జట్టుని, రేబెస్టోస్ బ్రేకెట్స్‌ని. ఆట కనిపెట్టిన దేశాన్ని ఫైనల్లో ఆస్ట్రేలియా 1-0తో ఓడించింది. మగవాళ్ళ సాఫ్ట్‌బాల్ ప్రపంచ పోటీలు ఆ మరుసటి ఏడు, 1966లో మొదలయ్యాయి. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు తర్వాత. క్రీడల చరిత్రలో ఇది ఎన్నిచోట్ల కనిపిస్తుందో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు.

ఇంతవరకు చదివితే ఇది గెలుపు కథలా ఉంది. ఇప్పుడు రెండో వైపు చూడాలి. 1972లో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో మరియా పేపే అనే అమ్మాయి మగపిల్లలతో కలిసి లిటిల్ లీగ్ బేస్‌బాల్ ఆడింది. కొద్ది ఆటలకే ఆమెను ఆపించారు. కేసు నడిచింది. 1973లో అమ్మాయిలను ఆడనివ్వాలని తీర్పు వచ్చింది. 1974లో లిటిల్ లీగ్ తలుపు తీసింది. సరిగ్గా అదే ఏడు అమ్మాయిల కోసం విడిగా సాఫ్ట్‌బాల్ విభాగం కూడా పెట్టింది. కోర్టు ఒక తలుపు తెరిపించింది, సంస్థ దాని పక్కనే ఇంకో తలుపు కట్టింది. దాని మీద మన పేరు రాసి ఉంది. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ ఆపలేదు. పిల్లలు తమంతట తామే రెండో తలుపు వైపు నడిచారు.

తమంతట తామేనా?

మార్తా నస్‌బామ్ 2000లో వచ్చిన 'విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్' పుస్తకంలో మన మహబూబ్‌నగర్ ఆడవాళ్ళ గురించి రాసింది. సరైన తిండి లేక, ఊళ్ళో నమ్మదగ్గ మంచినీళ్ళు లేక బతుకుతున్న ఆ స్త్రీలకు, ప్రభుత్వ చైతన్య కార్యక్రమం వచ్చేదాకా తమ స్థితి మీద కోపం ఉన్నట్టు కనబడలేదంటుంది. దొరికే దాన్నిబట్టి కోరికని కుదించుకోవడం మనుషుల స్వభావమనీ, అందుకే "వాళ్ళకి ఇష్టమే కదా" అన్న మాటతో న్యాయం తేల్చలేమనీ ఆమె వాదన. కాదనలేని వాదన. మన ఇళ్ళల్లో చివరి ముద్ద తినే అమ్మలందరూ "నాకు ఇదే ఇష్టం" అన్నవాళ్ళే. (మహబూబ్‌నగర్ ఆడవాళ్ళకి కోపం లేదా, లేక దాన్ని బయటినుంచి వచ్చిన మనిషికి చూపించలేదా అన్న అనుమానం నాకు మొదటినుంచీ ఉంది. అది వేరే వ్యాసం.)

కానీ ఈ వాదనని సాఫ్ట్‌బాల్ మీద పెడితే ఒకచోట జారిపోతుంది. 2008 ఆగస్టు, బీజింగ్ ఒలింపిక్స్. జపాన్ పిచర్ యుకికో ఉయెనో ఒకే రోజు రెండు ఆటలు ఆడింది. అమెరికాతో 9 ఇన్నింగ్స్ ఆడి ఓడింది, అదే రోజు ఆస్ట్రేలియాతో 12 ఇన్నింగ్స్ ఆడి గెలిచింది. మామూలు ఆట 7 ఇన్నింగ్సే. మర్నాడు ఫైనల్లో మళ్ళీ ఆమే విసిరింది, అమెరికా 3-1తో ఓడింది. రెండు రోజుల్లో 413 బంతులు. ఇది కుదించుకున్న కోరిక అని ఎవరైనా నాతో అంటే నేను ఒప్పుకోలేను. గది చిన్నదిగా ఇచ్చారు, నిజమే. లోపల పెరిగింది మాత్రం గది కొలతలకి లోబడలేదు.

అయితే, ఆ ఫైనల్ ఆడుతున్న వాళ్ళందరికీ ఒలింపిక్స్‌లో తమ ఆటకి అదే చివరి రోజని తెలుసు. మూడేళ్ళ కిందట, 2005 జులైలో సింగపూర్‌లో, 2012 నుంచి సాఫ్ట్‌బాల్ ఉండాలా అని ఒలింపిక్ సంఘం సభ్యులు ఓటు వేశారు. ఉండాలని 52, వద్దని 52. మెజారిటీ రాలేదు కాబట్టి తీసేశారు. ప్రవేశించింది 1996లో, అంటే పదేళ్ళు కూడా కాలేదు. అమెరికా మరీ ఎక్కువగా గెలుస్తోంది కాబట్టి ఆటలో పోటీ లేదన్న మాట అప్పుడు బాగా వినిపించింది. 2004 ఏథెన్స్‌లో అమెరికా స్త్రీలు 51 పరుగులు చేసి ఒకే ఒక్క పరుగు ఇచ్చారు, అదీ ఫైనల్లో. నిజమే, ఏకపక్షమే. కానీ 1992లో అమెరికా మగవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు సగటున 40కి పైగా పాయింట్ల తేడాతో అందరినీ ఓడించినప్పుడు దాన్ని 'డ్రీమ్ టీమ్' అని ముద్దుగా పిలుచుకున్నారు. బాస్కెట్‌బాల్‌ని తీసేద్దామని ఎవరూ అనలేదు. ఆడది బాగా చేస్తే ఆ పని సులువైనదై ఉంటుందన్న తీర్పు మనకి కొత్తదేం కాదు.

బీజింగ్‌లో పతకాలు ఇచ్చాక జపాన్, అమెరికా, ఆస్ట్రేలియా ఆటగత్తెలు కలిసి మైదానంలో బంతులు పేర్చి 2016 అని రాశారు. 2016లో కూడా రాలేదు. ఆట తిరిగి వచ్చింది 2021లో, టోక్యోలో. అది కూడా ఎలా వచ్చిందంటే, 2013లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ సంస్థలు రెండూ ఒకటయ్యాయి. ఒలింపిక్స్ లెక్కలో మగవాళ్ళ బేస్‌బాల్, ఆడవాళ్ళ సాఫ్ట్‌బాల్ కలిపి ఒక జంట. నాకు మింగుడుపడనిది ఇక్కడే ఉంది. ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టి "ఇద్దరూ సమానం" అన్నాక, బేస్‌బాలే ఆడే ఆడవాళ్ళు ఏమయ్యారు? వాళ్ళున్నారు. 2004 నుంచి వాళ్ళకి ప్రపంచ కప్పు ఉంది. 2008 నుంచి 2024 దాకా వరసగా 7సార్లు జపాన్ గెలిచింది. ఒలింపిక్స్‌లో వాళ్ళకి చోటు లేదు, ఎందుకంటే మీకు సాఫ్ట్‌బాల్ ఉంది కదా. సాఫ్ట్‌బాల్ ఆడే మగవాళ్ళకీ లేదు. మనకంటూ ఇచ్చిన గది, ఇంకో ఆడదాని ముందు మూసిన తలుపుకి గడియ అయింది. ఆ గడియని మనం పెట్టలేదు. కానీ ఆ గదిలో సుఖంగా కూర్చున్నవాళ్ళం మనమే.

ఇది రాస్తూ ఈ పత్రిక గురించి ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను. "స్త్రీల పేజీ"కి కథ అడిగినప్పుడు మనలో ఎంతమందిమి చిన్నబుచ్చుకున్నాం? తర్వాత మనమే విడిగా పత్రికలు పెట్టుకుని, సంకలనాలు వేసుకుని, మరెక్కడా రాయలేనివి రాసుకున్నాం. ఆ రాతలు కుదించుకున్నవి కావు. అయినా "మీకు మీ పత్రికలున్నాయి కదండీ" అని ఒక సంపాదకుడు నవ్వుతూ నాతో అన్నప్పుడు, నా చేతిలో ఉన్న పత్రికని ఎటు దాచుకోవాలో తెలియలేదు. ఉయెనో విసిరిన బంతుల్ని నేను ప్రేమిస్తాను. వాటిని చూపించి మరియా పేపేని ఇంటికి పంపేవాడితో మాత్రం నాకు పేచీ ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండడం తప్పు కాదని ఇప్పుడిప్పుడే అనిపిస్తోంది.

టోక్యో ఫైనల్లో కూడా జపాన్ తరఫున ఆట మొదలుపెట్టింది ఉయెనోనే. 39 ఏళ్ళు. అమెరికా మీదే, 2-0. 2024 పారిస్‌లో మళ్ళీ సాఫ్ట్‌బాల్ లేదు. 2028 లాస్ ఏంజిల్స్‌కి మళ్ళీ పెట్టారు. బేస్‌బాల్ లాస్ ఏంజిల్స్ నగరంలోనే, పేరున్న డాడ్జర్ స్టేడియంలో. సాఫ్ట్‌బాల్‌ని రెండువేల కిలోమీటర్ల అవతల ఓక్లహోమా సిటీకి పంపారు. ఆ వార్త చదివిన మొదటి నిమిషం ఒళ్ళు మండింది. మన వంటింట్లోకి పంపినట్టే పంపారనుకున్నాను. తర్వాత చూస్తే, ఓక్లహోమాలోది సాఫ్ట్‌బాల్ కోసమే కట్టిన మైదానం. ఏటా కాలేజీ అమ్మాయిల జాతీయ పోటీలకి వేలమంది వచ్చి నిండిపోయే చోటు. అలాంటిది లాస్ ఏంజిల్స్‌లో లేదు. నా కోపం సగంలో ఆగిపోయింది, పూర్తిగా పోలేదు. మా అమ్మాయికి ఈ సంగతి చెబితే, "అయితే వాళ్ళని పంపించారా, వాళ్ళింటికే వెళ్తున్నారా?" అంది. ఇంకా జవాబు చెప్పలేదు.