గురువుకంటె పెద్ద శిష్యుడు

శివాలయపు దక్షిణకుడ్యంలో, మర్రిచెట్టు నీడన కొలువైన దక్షిణామూర్తి మనకు చిరపరిచితుడు. అక్కడ గురువు యువకుడు. చుట్టూ చేరిన శిష్యులు వృద్ధులు. ఆ మూర్తికి భక్తితో నమస్కరించి వచ్చిన గృహస్థుడే, నడివయసు దాటిన పొరుగువాడు మళ్ళీ కళాశాలలో చేరాడని వింటే నవ్వుకుంటాడు. దైవసన్నిధిలో పూజ్యమైనది మనుష్యుల నడుమ పరిహాసాస్పదం కావడానికి కారణమేమి?

రుచిరామ్ సాహ్నీ జీవితంలోని ఒక ఘట్టం ఈ ప్రశ్నను స్పష్టంగా మన ముందుంచుతుంది. 1863లో డేరా ఇస్మాయిల్‌ఖాన్‌లో జన్మించిన ఆయన లాహోరు ప్రభుత్వ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించారు. పంజాబులో సామాన్యజనులకు వారి భాషలోనే విజ్ఞానోపన్యాసాలు చేసి ప్రఖ్యాతులైనారు. అట్టి ఆచార్యుడు 1914లో, 51వ ఏట, రేడియోధార్మికతను అభ్యసించడానికి జర్మనీలోని కార్ల్స్‌రూహే నగరానికి వెళ్ళారు. అక్కడి గురువు కాసిమిర్ ఫాయాన్స్ 1887లో పుట్టినవాడు. శిష్యునికంటె 24 ఏండ్లు చిన్న. ఆ ఏడే మహాయుద్ధం ఆరంభం కాగా సాహ్నీ జర్మనీ విడిచి ఇంగ్లండు చేరుకుని, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో ప్రవేశించారు. రూథర్‌ఫర్డ్ సైతం ఆయనకంటె 8 ఏండ్లు చిన్నవాడే. సాహ్నీ కుమారుడు బీర్బల్ 1914లోనే కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రాలలో పట్టం పొందాడు. కొడుకు చదువు ఒక మెట్టు ముగిసిన ఏట తండ్రి చదువు మళ్ళీ మొదలయింది.

ఇంతకూ ఆ ఆచార్యునికి కొరవడినదేమిటి? ఆయన విద్యార్థిగా ఉన్ననాడు రేడియోధార్మికత అనే మాటే లేదు. బెకరెల్ ఆ దృగ్విషయాన్ని కనుగొన్నది 1896లో. రూథర్‌ఫర్డ్ పరమాణు కేంద్రకాన్ని ప్రతిపాదించినది 1911లో. శాస్త్రమే ఆయనకంటె చిన్నది. మరి, గ్రంథాలు తెప్పించుకుని ఇంటనే చదువుకోరాదా అని కొందరు అడుగుతారు. ప్రకృతిశాస్త్రం చేతితోనూ కంటితోనూ నేర్వవలసిన విద్య. ఆల్ఫాకణాలు ఛాయాచిత్ర ఫలకంపై విడిచే చిహ్నాలను స్వయంగా పరిశీలించినవానికి గాని ఆ కణాల మాట అనుభవంలోకి రాదు. మాంచెస్టరులో సాహ్నీ పూనుకున్న పరిశోధన ఇట్టిదే.

అయినా ఒక ఆక్షేపణను తోసిపుచ్చరాదు. ప్రయోగశాలలో బల్లలు పరిమితం. ముందు సుదీర్ఘమైన ఆయుర్దాయం గల యువకునికి దక్కవలసిన చోటును వయసు మళ్ళినవాడు ఆక్రమించడం న్యాయమా? ఆచార్యుడు నేర్చినది అనేక శిష్యులకు అందుతుందని సమాధానం చెప్పవచ్చు. అది సత్యమే, కాని వర్తకుని లెక్క. ఆ లెక్కకు తలవంచితే, బోధించనివానికీ, ఫలితం చూపలేనివానికీ నేర్చుకునే హక్కే లేదని అంగీకరించినట్టవుతుంది. అప్పుడు చదువు జీతానికి నిచ్చెన మాత్రమై మిగులుతుంది.

ఒకే చోటు ఉండి ఇద్దరు వచ్చినప్పుడు యువకునికే దానిని ఇవ్వవలసి రావచ్చు. ఆ నిర్ణయం కొరతవల్ల పుట్టినది. పెద్దవాడు అనర్హుడని అది చెప్పదు. లోకం ఈ రెంటినీ కలిపివేసి, కొరతనే ధర్మంగా భావించి, తెలుసుకోగోరే వృద్ధుని చూచి నవ్వుతుంది. చోటు లేదని చెప్పవలసివస్తే విచారంతో చెప్పాలి. నవ్వడానికి మాత్రం ఎవరికీ అధికారం లేదు.

పెద్దవాడు కూర్చున్న తరగతిలో యువకునికి దక్కేది కూడా ఒకటి ఉంది. తెలియదనడం చిన్నతనంతో తీరిపోయే లోపం కాదని, జ్ఞానార్థికి అది యావజ్జీవిత నియమమని అతడు కళ్ళారా చూస్తాడు. ఏ పాఠ్యగ్రంథమూ అంత బాగా దానిని నేర్పలేదు.

సాహ్నీ తిరిగి లాహోరు చేరుకున్నారు. రూథర్‌ఫర్డ్ పేరు తెలిసినవారిలో ఆయన పేరు ఎరిగినవారు అరుదు. కాని పరువు, పదవి, పేరు సంపాదించుకున్న మనిషి సముద్రాలు దాటి పోయి, తనకంటె చిన్నవాని ఎదుట నిలిచి, ఇది నాకు తెలియదు, నేర్పండి అని అడిగారు. మర్రినీడలో కూర్చున్న ఆ మునులు చేసినదీ అదే.