మెతుకు పట్టి చూస్తే చాలదు

పూర్వపక్షి: ఉడకని అన్నం విస్తట్లో వడ్డించడం మర్యాద కాదు కదండీ. ఓపెన్ సోర్స్ వాళ్లు సగం పనైన ప్యాకేజీని జనం మీదికి వదిలి, తప్పులుంటే చెప్పమంటారు. ముందే ఒక మెతుకు పట్టి చూసుకోవచ్చుగా?

సిద్ధాంతి: ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉడికే అన్నానికి ఆ సామెత సరిపోతుంది. ప్యాకేజీలో ఒక్కో మెతుకూ ఒక్కో పొయ్యి మీద ఉడుకుతుంది. ఒకరిది పాత ప్రాసెసర్, ఇంకొకరిది వేరే లైబ్రరీ వెర్షన్, మరొకరిది వేరే లిపి. ఇన్ని పొయ్యిలు ఏ ఒక్క వంటింట్లోనూ ఉండవు. పైగా వడ్డన అందరికీ కాదు. డెబియన్ లినక్స్‌లో కొత్త ప్యాకేజీ ముందు అన్‌స్టేబుల్ అనే విభాగంలోకి వెళ్తుంది. మామూలుగా రెండు నుంచి పది రోజులు అక్కడ ఉండి, కొత్తగా పెద్ద తప్పులేవీ బయటపడకపోతేనే టెస్టింగ్‌కు చేరుతుంది. స్టేబుల్ సుమారు రెండేళ్లకోసారి వస్తుంది.

పూర్వపక్షి: లిపి అన్నారు, బాగుంది. 2018లో మన 'జ్ఞా'తో కూడిన ఒక అక్షరాల కూర్పు ఐఫోన్ యాప్‌లను కుప్పకూల్చింది కదా!

సిద్ధాంతి: కూల్చింది. ఒత్తులూ గుణింతాలూ పేర్చే పని ఎంత చిక్కో అప్పుడు ప్రపంచానికి తెలిసింది. రోజూ తెలుగులో టైపు చేసేవాళ్లకు తగిలే తప్పు ఇంగ్లీషు మాత్రమే వాడేవారికి కలలోకి కూడా రాదు. అయితే అది ఓపెన్ సోర్స్ కథ కాదు, దారి మళ్లాం.

పూర్వపక్షి: సరే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్‌లో 2024లో జరిగినదాని మాటేమిటి? ఈ ముందస్తు విడుదలల్లోంచే కదా దొంగ తలుపు లోపలికొచ్చింది?

సిద్ధాంతి: వచ్చింది, పట్టుబడిందీ అక్కడే. ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించిన ఒక నిర్వాహకుడి ఖాతా నుంచి ఫిబ్రవరిలో 5.6.0, తర్వాత 5.6.1 వెలువడ్డాయి. దొంగ తలుపును తెరిచే కీలక భాగం విడుదల కట్టలో ఉంది గానీ, అందరూ చదివే కోడ్ భాండారంలో లేదు. కాబట్టి ఎన్ని కళ్లు కోడ్ చదివినా దొరికేది కాదు. పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ డెబియన్ అన్‌స్టేబుల్ మీద తన పనేదో కొలుచుకుంటుంటే, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యమవడం కనిపించింది. ఆ పోగు పట్టుకుని లాగి, మార్చి 29న గుట్టు బయటపెట్టారు. డెబియన్ స్టేబుల్‌కు అది ఇంకా చేరలేదు. అదృష్టం అంటారేమో, ఒప్పుకుంటాను. కానీ ఆయన తప్పుల కోసం వెతకలేదు, వాడుకున్నారు. చదివితే దొరకనిది వాడుకలో తగిలింది. ముందస్తు మెట్టు లేకపోతే ఆ అర సెకను ముందుగా స్టేబుల్ సర్వర్లలోనే కనిపించేది, అదీ ఎవరైనా గమనిస్తే.

పూర్వపక్షి: మరి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం 2012 నుంచి 2014 దాకా ఎవరికీ కనిపించలేదే?

సిద్ధాంతి: అది మనుషులూ డబ్బూ కొరవడిన ఫలితం, వేరే చర్చ.

పూర్వపక్షి: 2008 జనవరిలో వచ్చిన కేడీఈ 4.0 డెస్క్‌టాప్ సంగతి? జనం తిట్టిపోశారు కదండీ.

సిద్ధాంతి: ఆ తిట్లు న్యాయమైనవే. తయారు చేసినవాళ్లకు అది తొలి మెట్టు. 4.0 అని పేరు పెట్టేసరికి జనం పూర్తయిందనుకున్నారు.

పూర్వపక్షి: అయితే నా తగవు తొందరపడి వదలడంతో కాదు, చీటీ సరిగా అంటించకపోవడంతో.

సిద్ధాంతి: అంతే. డెబియన్ అన్‌స్టేబుల్‌కు సిడ్ అని మారుపేరు. టాయ్ స్టోరీ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడి పేరది. అది తెలిసీ ఇంట్లోకి రానిచ్చినవాడు, బొమ్మ విరిగిందని అలగడు. ఎక్కడ విరిగిందో చెప్తాడు.