అలసుడు – అలసినవాడు

ఒమాన్ దేశమున జూన్ మొదలు ఆగస్టు చివరివరకు మధ్యాహ్నము 12:30 నుండి 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించుట నిషిద్ధము. ఆ వేళ మస్కట్‌లో కట్టుచున్న భవనముల నీడన కూలీలు నడుము వాల్చుదురు. వారిలో తెలుగువారును కలరు. దారిన పోవువాడు వారిని చూచి ‘సోమరులు’ అనవచ్చునా?

ఆ దేశభాషయైన అరబ్బీలో సోమరిని ‘కస్లాన్’ అందురు. సోదరభాషయైన హీబ్రూలో అదే ధాతువునకు చెందిన ‘కెసీల్’ అనగా మూఢుడు. సోమరికి హీబ్రూలో వేరొక మాట కలదు, అది ‘ఆత్సేల్’. బైబిలులోని సామెతల గ్రంథమున అది 14 చోట్ల కనబడును. ఆత్సేల్ ఎవడు? వీధిలో సింహమున్నదని గడప దాటనివాడు; దున్నవలసిన ఋతువున దున్నక, కోతకాలమున చేయి చాచువాడు; తన ద్రాక్షతోట గోడ కూలినను నిద్ర మాననివాడు. శక్తియు సమయమును ఉండి సాకులు వెదకువాడే ఆత్సేల్.

నిర్గమకాండమున మరియొక ఘట్టము కలదు. ఐగుప్తులో ఇటుకలు చేయు దాసులు తమ దేవుని కొలుచుటకు సెలవు కోరగా, ఫరో రాజు వారిని సోమరులని నిందించెను. తెలుగు బైబిలులో రెండు చోట్లను ‘సోమరి’ అనియే యున్నది. కాని మూలమున ఫరో పలికినది ‘ఆత్సేల్’ కాదు, ‘నిర్పీమ్’; పట్టు సడలినవారని దాని భావము. జ్ఞాని నిద్రించువానిని మేలుకొలుపుటకు పలికిన మాట వేరు. యజమాని అలసినవానిపై విసరిన మాట వేరు.

తోటలకు వచ్చిన పూర్వులు విన్నది ఆ రెండవ మాటయే. మారిషస్ చెరకుతోటలలో ఒక దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోసెడివారు. దానికి ‘డబుల్ కట్’ అని పేరు. జ్వరమని నిరూపించుకొనలేని వానికిని, పని ఎగగొట్టినవానికిని ఆ లెక్కలో భేదము లేదు.

తెలుగు భాష ఈ భేదమును చక్కగా చూపుచున్నది. ‘అలసుడు’ అనగా సోమరి. ‘అలసినవాడు’ అనగా శ్రమించి డస్సినవాడు. వినికిడికి దగ్గర, అర్థమునకు దూరము.

అట్లని సోమరితనము లేకపోలేదు. ఆ పూర్వుల సంతతియందును అది కలదు. పిల్లలకు తెలుగు నేర్పుటకు తీరిక లేదనుట వీధిలోని సింహము వంటిదే కదా!

కావున ‘ఆత్సేల్’ అను కొలతతో ఎవరిని వారే కొలుచుకొనవలెను. నీడన పరుండినవానిని చూచినపుడు మాత్రము, అతడు ఏ ఝామున లేచి పనికి వచ్చెనో ముందుగా అడుగవలెను.